ఎన్ని మెమోలిచ్చినా ఉద్యోగం పోదేం?

పాఠకుల ప్రశ్నలు – సర్వీసు, కార్మిక వ్యవహారాల నిపుణుల జవాబులు

పని ఎగ్గొట్టేవాళ్ల గురించి, తోటివారిని సతాయించేవాళ్ల గురించి, "అయినా వాణ్ణి ఎవరూ ఏమీ చేయలేరు" అన్న గోడుతో వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాం. ఆఫీసు గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాం.

ప్రశ్న: మాది తహసీల్దార్ కార్యాలయం. మా సెక్షన్లో ఒక జూనియర్ అసిస్టెంటు పన్నెండు గంటలకి వచ్చి, పొద్దుటి సంతకం కూడా అప్పుడే పెట్టేస్తాడు. వారంలో రెండు రోజులు రానే రాడు. అర్జీలు తెచ్చిన ముసలివాళ్ల మీద కూడా అరుస్తాడు. ఆరేళ్లలో ముగ్గురు తహసీల్దార్లు మారారు, ముగ్గురూ మెమోలిచ్చారు. ఏమీ కాలేదు. అతడి పని మా నెత్తిన పడుతోంది. ప్రభుత్వ ఉద్యోగం అంటే ఏం చేసినా పోదా?
– ఓ సీనియర్ అసిస్టెంటు, జగిత్యాల జిల్లా

జవాబు: పోతుంది. మీ ఆఫీసులో ఆ పని ఇంతవరకు ఎవరూ మొదలుపెట్టలేదు, అంతే. మెమో శిక్ష కాదు, సంజాయిషీ అడిగే కాగితం. మెమో ఇచ్చారు, అతడు "ఆరోగ్యం బాగోలేదు, ఇకముందు జరగకుండా చూసుకుంటాను" అని రాసిచ్చాడు, ఫైలు ఎల్.డిస్ చేసేశారు, అంటే మూసేశారు. సర్వీసు రిజిస్టరులో ఒక్క ముక్క ఎక్కలేదు. ఆరేళ్ల తర్వాత కూడా కాగితం మీద అతడు మచ్చలేని ఉద్యోగే. ముగ్గురు తహసీల్దార్ల మెమోలన్నీ కలిపినా ఒక్క సెన్ష్యూర్ (అభిశంసన) ఆర్డరుకి సాటిరావు.

రాజ్యాంగం 311వ అధికరణం రెండు మాటలు చెబుతుంది. ఉద్యోగం ఇచ్చిన అధికారికంటే కిందిస్థాయివారు దాన్ని తీసేయకూడదు. ఆరోపణ ఏమిటో తెలిపి, చెప్పుకునే అవకాశమిచ్చి, విచారణ జరిపితే తప్ప ఎవరూ తీసేయకూడదు. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుని నియమించేది కలెక్టరు. కాబట్టి తహసీల్దారు చేయగలిగింది ఆధారాలు జతచేసి పైకి రిపోర్టు పంపడమే. అది ఎందుకు వెళ్లదంటే, పంపినాయనే రేపు సాక్షిగా రావాలి. అప్పటికి ఆయనకి బదిలీ అయిపోయి ఉంటుంది. ఎక్కడి నుంచో పని మానుకొని వచ్చి అడ్డప్రశ్నలకి జవాబు చెప్పుకోవడంకంటే ఆ మనిషిని పక్క మండలానికి సాగనంపడం సుఖం. అలా మండలం తర్వాత మండలం తిరుగుతూ పెన్షన్ దాకా చేరినవాళ్లు ఏ శాఖలో లేరు?

ఒకవేళ రిపోర్టు వెళ్లినా, ఆరోపణలు రాసిచ్చే చార్జిమెమో దగ్గర పాడవుతుంది. "తరచు ఆలస్యంగా వస్తున్నారు, ప్రజలతో దురుసుగా ప్రవర్తిస్తున్నారు" అని రాస్తే నిలవదు. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో, ఏమన్నాడు? ఇవి లేని ఆరోపణకి జవాబు చెప్పుకోవడం ఎవరికైనా కుదరదు కనుక అప్పీలులో కొట్టేస్తారు. నిలిచే ఆరోపణ ఇలా ఉంటుంది: "2025 జూన్ 3, 5, 11 తేదీల్లో 10.30కి హాజరు కావలసి ఉండగా వరసగా 12.10, 11.50, 12.25 గంటలకి వచ్చారు. 9వ తేదీన సెలవు చీటీ లేకుండా రాలేదు. 11న హాజరుపట్టీలో సూపరింటెండెంటు పెట్టిన ఆలస్యం గుర్తు మీదే సంతకం చేశారు." చార్జిమెమోకి నాలుగు అనుబంధాలుండాలి: ఆరోపణలు, ఒక్కోదాని వివరణ, ఆధారపడే కాగితాల జాబితా, సాక్షుల జాబితా. కాగితాల జాబితాలో లేని రిజిస్టరుని విచారణ మధ్యలో తీసుకొచ్చి, దాని మీద చెప్పుకునే వీలివ్వకుండా వాడుకున్నందుకే పోయిన కేసులున్నాయి.

ఇందులో మీ ఆఫీసు వరకు అసలు లోపం హాజరుపట్టీ. గ్రేస్ టైం పది నిమిషాలు దాటగానే, అంటే 10.40కి, రిజిస్టరు సూపరింటెండెంటు టేబుల్ మీదికి వెళ్లిపోవాలి. ఖాళీ గడుల్లో ఎర్రసిరాతో గుర్తు పెట్టి పొట్టి సంతకం చేయాలి. తర్వాత వచ్చినవాళ్లు ఆయన ఎదుటే, వచ్చిన టైం రాసి సంతకం పెట్టాలి. మూడు ఆలస్యాలకి ఒక సీఎల్ కోసే పద్ధతి పాతకాలం నుంచి ఉన్నదే. మీ దగ్గర రిజిస్టరు పన్నెండింటి దాకా అందుబాటులోనే పడి ఉంటోందని మీ ఉత్తరమే చెబుతోంది. పన్నెండింటికి వచ్చి పెట్టిన సంతకం రేపు విచారణలో "10.30కే ఉన్నాను" అనడానికి అతడికే సాక్ష్యం. ముఖం చూపించి హాజరు వేసే యాప్ ఉన్న ఆఫీసుల్లో ఈ బాధ కొంత తగ్గింది. అక్కడ కూడా నెలాఖరు రిపోర్టు తీయించి సంతకం చేయించి ఫైల్లో పెట్టకపోతే ఫలితం సున్నా.

దీనికంటే గట్టి ఆధారం ఇంకొకటుంది: అతడి పర్సనల్ రిజిస్టరు. వచ్చిన తపాలు ఏ తేదీన తీసుకున్నాడు, ఏ తేదీన ఫైలు పైకి పెట్టాడు అన్నది అతడి చేతిరాతలోనే ఉంటుంది. ఈ-ఆఫీసు ఉంటే టైముతో సహా ఉంటుంది. ఆ రిజిస్టరుని క్రమంగా తనిఖీ చేసి, పెండింగు కాగితాల సంఖ్య వేసి, తేదీతో సంతకం పెట్టమని మీ సూపరింటెండెంటుని అడగండి. నోటిదురుసుకి సాక్షులు వెనక్కి తగ్గుతారు. రిజిస్టరు తగ్గదు.

గైర్హాజరు విషయంలో ఒక మెలిక ఉంది. రాలేదని నిరూపిస్తే చాలదు, కావాలనే రాలేదని తేలాలని సుప్రీంకోర్టు 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో చెప్పింది. అందుకని రాని ప్రతిసారీ రెండు మూడు రోజుల్లో ఇంటి చిరునామాకి రిజిస్టరు పోస్టులో "ఫలానా తేదీలోగా విధుల్లో చేరండి, అనారోగ్యమైతే సర్టిఫికెట్ పంపండి" అని ఉత్తరం వెళ్లాలి. జవాబు రాకపోతే ఆ రసీదే ఉద్దేశానికి రుజువు.

మొదటి దెబ్బకే ఉద్యోగం తీసేయాలని చూడకండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ మూలమైన 1991 సీసీఏ రూల్సులో (ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు) చిన్న శిక్షలకి 22వ రూలు దారి. ఆరోపణ రాసిచ్చి, వివరణ తీసుకొని, కారణాలు రాసి ఆర్డరు వేస్తే సరిపోతుంది. ఇరవయ్యో రూలు కింద జరిగేంత పెద్ద విచారణ అక్కర్లేదు. ఏడాదిపాటు ఇంక్రిమెంటు ఆపితే జేబుకి తగులుతుంది, సర్వీసు రిజిస్టరుకి ఎక్కుతుంది, ప్రమోషన్ ప్యానెల్లో అడ్డొస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆ నష్టం ముందు ముందు కూడా కొనసాగేలా, అంటే క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో ఆపితే అది పెద్ద శిక్ష కిందికి పోతుంది. దానికి పూర్తి విచారణ తప్పదు. ఈ రెండు మాటల తేడా గమనించక ఆర్డర్లు కొట్టేయించుకున్న అధికారులు తక్కువేం కాదు.

రెండోసారి తప్పు చేసినప్పుడు పాత శిక్షని లెక్కలోకి తీసుకొని పెద్ద శిక్ష వేయొచ్చు. కానీ పాత చరిత్రని చూస్తున్నామని ముందే తెలియజేయాలి. ఆర్డరులో హఠాత్తుగా "గతంలో కూడా..." అని రాస్తే చెల్లదని 1960ల నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది.

విచారణ ముగిశాక రిపోర్టు నకలు ఉద్యోగికి ఇచ్చి, దాని మీద ఏమంటాడో విన్నాకే శిక్ష ఖరారు చేయాలి. ఈ నియమం స్థిరపడింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనే, 1993లో. నకలు ఇవ్వనంత మాత్రాన ఉద్యోగం తిరిగి రాదు, దానివల్ల నష్టం జరిగిందని ఉద్యోగి చూపించాలి అని కూడా అదే తీర్పు చెప్పింది. రెండో సగం మన ఆఫీసుల్లో ఎవరికీ గుర్తుండదు. "టెక్నికల్‌గా పోయింది" అనుకొని కేసు వదిలేస్తారు. ఆగిన మెట్టు నుంచి మళ్లీ నడిపించవచ్చు.

ప్రశ్న: లంచం తీసుకుంటూ ఏసీబీకి దొరికినాయన సస్పెండై ఇంట్లో కూర్చుని సగం జీతం తీసుకున్నాడు. ఇప్పుడు మళ్లీ మా పక్క సీట్లోనే ఉన్నాడు. ఇదేం న్యాయం?
– కర్నూలు

జవాబు: సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణకి అడ్డం రాకుండా పక్కన కూర్చోబెట్టడం. 48 గంటలకి మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. ఆ కాలంలో జీవనభృతి ఇవ్వాలి. మొదట్లో అది అర్ధజీతం సెలవులో వచ్చేంత, దాని మీద కరువుభత్యం. వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడంలేదని సర్టిఫికెట్ ఇస్తేనే చేతికొస్తుంది. ఆ భృతి కూడా ఇవ్వకపోతే "తిండిలేక విచారణకి రాలేకపోయాను" అంటాడు, విచారణే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది.

తిరిగి రావడానికి కారణం వేరు. చార్జిమెమో ఇవ్వకుండా మూడు నెలలకి మించి సస్పెన్షన్ సాగకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు అంది. కోర్టులో కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది. పని చేయించుకోకుండా అన్నేళ్లు భృతి ఇచ్చేకంటే జనంతో, డబ్బుతో సంబంధంలేని నాన్‌ఫోకల్ పోస్టులో కూర్చోబెడదామని తీసుకుంటారు. ఆయన ప్రజలతో, డబ్బుతో సంబంధమున్న సీట్లో ఉంటే మాత్రం మీరు అభ్యంతరం రాసివ్వొచ్చు. కేసులో శిక్షపడితే 311(2) మినహాయింపు కింద విచారణ లేకుండానే డిస్మిస్ చేయొచ్చు. కేసు కొట్టేసినా శాఖాపరమైన చర్య దానంతటది ఆగదు. కోర్టుకి అనుమానానికి తావులేని రుజువు కావాలి, శాఖకి నమ్మదగ్గ సంభావ్యత చాలు.

ప్రశ్న: పటాన్‌చెరులో ఇనుప రేకులు నొక్కే ఓ ప్రెస్ షాపులో చేస్తాను. రాత్రి షిఫ్టుకి ఒకడు తాగి వస్తాడు, బూతులు తిడతాడు. మేనేజ్‌మెంటుని అడిగితే "తీసేస్తే లేబర్ కోర్టు మళ్లీ పెట్టుకోమంటుంది, మాకెందుకు" అంటున్నారు. మా వేళ్లు పోయాక తీస్తారా?

జవాబు: తాగి పవర్ ప్రెస్ దగ్గర నిలబడ్డవాణ్ణి ఆ రాత్రే పక్కకి తప్పించాలి. దానికి విచారణ అక్కర్లేదు. తీసేయడానికి కావాలి.

కోర్టులో ఇలాంటి కేసులు పోయేది "వాసన వచ్చింది" దగ్గర. వాసన వస్తే తాగినట్టే కానీ మత్తులో ఉన్నట్టు కాదని అవతలి వకీలు అంటాడు. చేయాల్సింది ఇది. షిఫ్టు ఇన్‌చార్జి, ఇంకో ఇద్దరు చూస్తుండగా టైం రాయాలి. నడక ఎలా ఉంది, మాట తడబడుతోందా, కళ్లెలా ఉన్నాయి అన్నది మామూలు మాటల్లో రాయాలి. బ్రీత్ ఎనలైజర్ ఉంటే చీటీ తీయాలి. లేకపోతే ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికో ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్లాలి. పరీక్షకి ఒప్పుకోకపోతే బలవంతం చేయకుండా "ఒప్పుకోలేదు" అని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టాలి. ఒంటరిగా బండి మీద పంపకుండా ఎవరినైనా తోడిచ్చి ఇంటికి చేర్చాలి. గేటు రిజిస్టరులో వెళ్లిన టైం పడాలి. ఇదంతా తెల్లారాక గుర్తు తెచ్చుకొని రాస్తే పనికిరాదు. అప్పటికప్పుడు రాసిన కాగితానికే విలువ.

చార్జిషీటు తీసుకోనంటే ఇద్దరు సాక్షుల చేత ఆ మాట రాయించి, రిజిస్టరు పోస్టులో పంపి, నోటీసు బోర్డులో పెట్టాలి. ఫిర్యాదు చేసిన సూపర్‌వైజరే విచారణాధికారిగా కూర్చుంటే మొత్తం పోయినట్టే. విచారణ అతడికి అర్థమయ్యే భాషలో జరగాలి. మీ పారిశ్రామికవాడలో ఒడిశా, బీహార్ కార్మికులు చాలామంది ఉన్నారు. ఇంగ్లీషులో రాసిన విచారణ కాగితాల మీద వేలిముద్ర తీసుకొని, తర్వాత కోర్టులో తలపట్టుకున్న కంపెనీలూ ఉన్నాయి. దుబాసీని పెట్టి, అతడి పేరు కూడా రాయాలి.

"లేబర్ కోర్టు మళ్లీ పెట్టుకోమంటుంది" అన్నది సగం నిజం. శిక్ష మరీ ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం దానికి 1971 నుంచి ఉంది. కానీ భారత్ ఫోర్జ్ కేసు చూడండి. 1983 ఆగస్టు 26న పొద్దున్న 11.40కి ఒక కార్మికుడు పనిచోటే ఇనుప రేకు మీద పడుకొని గాఢనిద్రలో దొరికాడు. విచారణ జరిపి తీసేశారు. నిద్రపోతే ఉద్యోగం తీస్తారా, ఇది అన్యాయం అని లేబర్ కోర్టు తిరిగి చేర్చుకోమంది. ఆ కేసు తిరిగి తిరిగి 2005లో సుప్రీంకోర్టుకి వచ్చింది. తీసేయడం సబబే అంది. కలిసొచ్చింది ఏమిటంటే, అంతకుముందు మూడుసార్లు తప్పుచేస్తే మూడుసార్లూ చిన్నచిన్న శిక్షలు వేసి రికార్డు చేశారు. అదే ఏడాది మహీంద్రా కేసులో, పై అధికారిని బూతులు తిట్టినందుకు తీసేయడం కూడా సరైనదే అని తీర్పు వచ్చింది. మీవాడు ఇదివరకు తాగొచ్చినప్పుడు ఏం చేశారు? మూడు రోజులు రావద్దని నోటితో చెప్పి మళ్లీ తీసుకొనుంటారు. అందుకే ఇప్పుడు భయం.

కంపెనీలు జంకేది తీర్పుకంటే కాలానికి, ఖర్చుకి. సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం కార్మికుడివల్ల కాకపోతే ముప్పాతిక ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఈ విచారణ మామూలుగా 90 రోజుల్లో ముగియాలి. స్టాండింగ్ ఆర్డర్లు (కంపెనీ రాతపూర్వక సర్వీసు నియమాలు) తప్పనిసరి అయ్యే హద్దు కూడా 100 మంది నుంచి 300కి పెరిగింది. అంతకంటే చిన్న కంపెనీ అయితే అపాయింట్‌మెంటు ఆర్డరులోని షరతులే ఆధారం. అయినా చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తీయడానికి వీల్లేదు.

మీరు చేయగలిగింది: సేఫ్టీ కమిటీ ఉంటే అందులో, లేకపోతే ఫ్యాక్టరీ మేనేజరు పేరున, "ఫలానా తేదీ రాత్రి ఫలానా ప్రెస్ మీద" అని రాసిచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. ప్రమాదం సంగతి ముందే తెలిసీ ఊరుకున్నారన్న కాగితం ఫైల్లో ఉంటే మేనేజ్‌మెంటు కదిలే వేగం వేరు.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీం లీడ్ మీటింగుల్లో అందరి ముందూ తిడతాడు, మా పని తనదిగా చూపించుకుంటాడు. రెండేళ్లలో తొమ్మిది మంది మానేశారు. హెచ్ఆర్ "నోట్ చేసుకున్నాం" అంటుంది. మొన్న అతడికే ప్రమోషన్ వచ్చింది.

జవాబు: ఆ తొమ్మిది మందీ వెళ్లేటప్పుడు ఎగ్జిట్ ఫారంలో ఏం రాశారో ఊహించగలం: "మెరుగైన అవకాశం". రిలీవింగ్ లెటరు, రేపటి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషను గుర్తొచ్చి అలా రాస్తారు, తప్పుపట్టలేం. కానీ కంపెనీ రికార్డులో అతడి మీద తొమ్మిది ఫిర్యాదులు లేవు, తొమ్మిది మెరుగైన అవకాశాలున్నాయి. అవతల క్లయింటు అతణ్ణి పేరుపెట్టి అడుగుతాడు. అతడు పోతే బిల్లింగు కదులుతుంది. కొత్తవాడికి రెండు మూడు నెలల నోటీసు పీరియడు ఆగాలి. హెచ్ఆర్ ముందున్న తూకం అది.

ఉత్త దురుసుతనం మీద మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కంపెనీ ప్రవర్తనా నియమావళే దిక్కు. మెయిలు రాయండి, చిన్నదిగా. "అతడు చాలా టాక్సిక్" అని రాస్తే అది మీ అభిప్రాయం. "మార్చి 12న క్లయింటు కాల్లో, ఆరుగురి ముందు, నన్ను ఫలానా మాట అన్నారు. ఆ తర్వాత రివ్యూకి కోడ్ పంపడానికి ఇద్దరు జంకారు, విడుదల రెండు రోజులు ఆలస్యమైంది. 15లోగా ఈ విషయం మాట్లాడటానికి సమయం ఇవ్వండి." సంఘటన, చూసినవాళ్లు, పనికి కలిగిన నష్టం, అడుగుతున్నదేమిటి. హెచ్ఆర్‌తో నోటిమాటగా జరిగినదాన్ని కూడా సాయంత్రంలోగా "ఈరోజు మనం అనుకున్నవి" అని మెయిలు పెట్టండి. నోట్ చేసుకున్నామన్న మాటకి అప్పుడు తేదీ పడుతుంది.

అందరూ కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టొద్దు. "ముఠా కట్టారు" అనడానికి దొరుకుతుంది. ఎవరికి జరిగింది వాళ్లు, ఎవరి మాటల్లో వాళ్లు, అదే వారంలో విడివిడిగా పంపితే దాన్ని తోసిపుచ్చడం కష్టం. పని దొంగతనానికి మాటలకంటే కమిట్ హిస్టరీ (ఏ కోడ్ ఎవరు ఎప్పుడు చేర్చారన్న రికార్డు), టికెట్ నంబర్లు మంచి సాక్ష్యం. ఇంకో హెచ్చరిక: ఆధారాలు దాచుకుందామని ఆఫీసు మెయిళ్లు సొంత జీమెయిలుకి పంపుకోకండి. డేటా పాలసీ ఉల్లంఘన కింద అతడికంటే ముందు మీ ఉద్యోగం పోతుంది. తేదీలు, టికెట్ నంబర్లు పుస్తకంలో రాసుకోండి, మెయిళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉండనివ్వండి.

చేదుగా ఉన్నా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. రెండేళ్లు జనాన్ని ఏడిపించినా చలించని కంపెనీ, తప్పుడు ట్రావెల్ బిల్లుకి వారంలో ఇంటికి పంపుతుంది. చేయని గంటలు టైంషీటులో క్లయింటుకి చూపించడం, దొంగ బిల్లులు, వెండరు దగ్గర కమీషన్లు లాంటివి మీరు ప్రత్యక్షంగా చూసి ఉంటే దారి హెచ్ఆర్ కాదు. లిస్టెడ్ కంపెనీలు కంపెనీల చట్టం 2013, 177వ సెక్షన్ కింద విజిల్‌బ్లోయర్ ఏర్పాటు పెట్టి తీరాలి. ఫిర్యాదుదారుడి మీద కక్షసాధింపు లేకుండా చూడాలి, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్ణి కలిసే వీలుండాలి. చూడనివి, విన్నవి మాత్రం రాయకండి.

ప్రశ్న: గుంటూరులో ఓ డయాగ్నస్టిక్ సెంటరులో చేస్తాను. మొత్తం ఏడుగురం. ఓనరుగారి బావమరిది రాత్రి షిఫ్టులో అసభ్యంగా మాట్లాడతాడు, వద్దన్నా ఫోన్లో మెసేజీలు పెడతాడు. చెబితే "వాడంతే, పట్టించుకోకమ్మా" అన్నారు. ఇంత చిన్న చోట కమిటీలేముంటాయి?

జవాబు: పది మందికి తక్కువున్నచోట కంపెనీ కమిటీ ఉండదు. అలాంటివాళ్ల కోసమే, పనిచోట లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం ప్రతి జిల్లాకీ లోకల్ కమిటీ పెట్టింది. ఓనరు మీదే ఫిర్యాదైనా అక్కడికే. కలెక్టరేటులో గానీ జిల్లా స్త్రీ శిశు సంక్షేమ కార్యాలయంలో గానీ కమిటీ వివరాలడగండి. కేంద్రం నడిపే షీ-బాక్స్ పోర్టల్లో కూడా పెట్టొచ్చు.

గడువు ముఖ్యం. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగిస్తుంది. "సర్దుకుంటాడేమో" అని చూస్తూ ఈ గడువు దాటేసుకునేవాళ్లే ఎక్కువ. ఫిర్యాదు ఆరు ప్రతులు, ఆధారాల నకళ్లు, సాక్షుల పేర్లు, చిరునామాలు. అతడన్న మాటలు సిగ్గనిపించినా అన్నవి అన్నట్టే రాయండి. "అసభ్యంగా మాట్లాడాడు" అంటే ఎంతవరకు అన్నది కమిటీకి తెలియదు. మెసేజీలు తుడిచేయకండి. స్క్రీన్‌షాట్లు తీసినా ఆ ఫోను అలాగే ఉంచండి.

విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి, పది రోజుల్లో రిపోర్టు రావాలి, అందిన 60 రోజుల్లో సిఫారసు అమలు కావాలి. ఈలోగా షిఫ్టు మార్చమనో, మూడు నెలల దాకా సెలవు ఇప్పించమనో రాసి అడిగే హక్కు మీకుంది. అడక్కపోతే ఇవ్వరు. మామూలుగా జరిగేదేమిటంటే "నీ మంచికే" అంటూ మిమ్మల్నే వేరే బ్రాంచికి పంపుతామంటారు. ఒప్పుకోనక్కర్లేదు. రాజీ కావాలంటే మీరు కోరితేనే జరగాలి, డబ్బు తీసుకొని రాజీ చేయడం చట్టం ఒప్పుకోదు. రుజువు చాలలేదన్నంత మాత్రాన మీమీద తప్పుడు ఫిర్యాదు కింద చర్య తీసుకోలేరు. పోలీసు కేసు పెట్టాలనుకుంటే భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ ఉంది. రెండూ ఒకేసారి నడవొచ్చు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకాయనకిచ్చిన మెమోలు, చర్యల వివరాలు సమాచార హక్కు కింద అడిగితే నిరాకరించారు. అప్పీలుకి వెళ్లనా?

జవాబు: గెలవడం కష్టం. ఉద్యోగికిచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షలు వ్యక్తిగత సమాచారమని 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రశ్న మార్చండి. "మా జిల్లా కార్యాలయంలో ఏడాదికి మించి పెండింగులో ఉన్న క్రమశిక్షణ కేసులెన్ని, విచారణాధికారిని నియమించనివెన్ని" అని అంకెలడిగితే అది ఎవరి వ్యక్తిగతమూ కాదు. ఆ అంకె పైవాళ్ల కంట్లో పడితే ఫైలు దుమ్ము దులుపుతారు.

ప్రశ్న: పేరు రాయకుండా ఆకాశరామన్న ఉత్తరం రాస్తే పనవుతుందా?

జవాబు: కాదు. ఊరూ పేరూ లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది. పైగా ఆఫీసంతా "ఎవరు రాశారు" అన్న వేటలో పడుతుంది. కేంద్ర ప్రభుత్వం, బ్యాంకులు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల్లో అవినీతి అయితే పేరు చెప్పి కూడా దాగి ఉండే దారి ఉంది. ప్రజాప్రయోజన వెల్లడి కింద ఫిర్యాదు అని సీలువేసిన కవరు మీద రాయండి, మీ పేరు, చిరునామా లోపలి కాగితం మీద మాత్రమే ఉండాలి, కమిషన్ కార్యదర్శికి పోస్టు చేయండి. రాష్ట్ర ఉద్యోగి లంచం అడిగితే ఏసీబీ 1064.

ప్రశ్న: తోటి ఉద్యోగి మీద విచారణలో నన్ను సాక్షిగా వేశారు. వెళ్లాలా? ఏం చెప్పాలి?
– అనంతపురం

జవాబు: వెళ్లండి. విచారణలు వీగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఫిర్యాదు కాగితం ఉంటుంది, రాసినవారు రారు. రాసినవారు వచ్చి ఇది నేనే రాశానని చెప్పి, అడ్డప్రశ్నలకి నిలబడితేనే ఆ కాగితం సాక్ష్యమవుతుంది. కాగితాలు దాఖలు చేసినంత మాత్రాన రుజువైనట్టు కాదని 2009లో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రాతపూర్వకమైన సమన్లు తీసుకోండి, ఆ రోజు డ్యూటీ కింద లెక్కవుతుందో లేదో ముందే అడగండి.

ముందురోజు మీరిచ్చిన పాత వాంగ్మూలం ఒకసారి చదువుకోండి. కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే చెప్పండి. "అందరికీ తెలిసిందే" అన్న ముక్క నోట రాగానే, ఆరోపణ ఉన్న ఉద్యోగి తరఫున వాదించే డిఫెన్స్ అసిస్టెంటు "ఎవరెవరికి?" అని మొదలుపెడతాడు, అక్కడినుంచి మీ మాటలన్నీ పలచబడతాయి. తేదీ గుర్తులేకపోతే గుర్తులేదనండి. "మీకూ ఆయనకీ పడదు కదా?" అని తప్పకుండా అడుగుతారు. గొడవ జరిగి ఉంటే జరిగిందనే చెప్పండి, దాచి దొరికిపోతే నిజం చెప్పిన మిగతా భాగం కూడా పోతుంది. మీరు చెప్పింది విచారణాధికారి రాయిస్తుంటే "వచ్చాడు" అన్నది "రోజూ వచ్చేవాడు" అయిపోతుంటుంది. సంతకానికి ముందు ప్రతి పేజీ చదవండి, మాట మారితే అక్కడే కొట్టి దిద్దించి, దిద్దినచోట మీరూ ఆయనా పొట్టి సంతకాలు పెట్టండి.